కరెన్సీ ఒకటే, ఖజానాలు మాత్రం ఎవరివి వారివే: యూరో వెనుక కథ

2026 జనవరి 1న బల్గేరియా చేరడంతో యూరో వాడే దేశాలు 21 అయ్యాయి. వాటన్నిటికీ వడ్డీ రేటు నిర్ణయించేది ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు. పన్నులు వేయడం, అప్పు చేయడం, పింఛన్లు ఇవ్వడం మాత్రం ఎవరికి వారే. ఈ ఏర్పాటులోని లోపం 2010లో గ్రీసు కుప్పకూలాకే బయటపడిందని చాలామంది అనుకుంటారు. నిజానికి యూరో పుట్టడానికి ఇరవై ఏళ్లకు ముందే దాన్ని లెక్కలతో సహా రాసి పెట్టారు.

1957లో ఆరు దేశాలు నేటి యూరోపియన్ యూనియన్‌కు పునాది వేసిన రోమ్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 1968 జులై 1 నాటికి తమ మధ్య కస్టమ్స్ సుంకాలను పూర్తిగా ఎత్తివేశాయి. ఇక మిగిలింది కరెన్సీ. లక్సెంబర్గ్ ప్రధాని పియెర్ వెర్నర్ నాయకత్వంలోని కమిటీ, పదేళ్లలో ద్రవ్య సమైక్యత సాధించవచ్చని 1970లో నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాదే అమెరికా డాలరుకూ బంగారానికీ ఉన్న ముడిని తెంచేయడంతో మారకపు రేట్లు అల్లకల్లోలమయ్యాయి, ఆ ప్రణాళిక మూలపడింది.

1977లో బ్రిటిష్ ఆర్థికవేత్త డొనాల్డ్ మెక్‌డూగల్ బృందం ఇచ్చిన నివేదికను నేను ఈ చరిత్రలో అతి ముఖ్యమైన పత్రంగా భావిస్తాను. సమాఖ్యకు తొలిమెట్టు లాంటి దశలోనే ఉమ్మడి బడ్జెట్ జీడీపీలో 2 నుంచి 2.5 శాతం ఉండాలని, చిన్నపాటి సమాఖ్యకైనా 5 నుంచి 7 శాతం కావాలని అది తేల్చింది. ఈ రోజుకీ యూరోపియన్ యూనియన్ వార్షిక బడ్జెట్ సభ్యదేశాల ఆదాయంలో సుమారు ఒక శాతమే.

ఉమ్మడి బడ్జెట్ ఎందుకు కావాలో మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. మన రాష్ట్రాలకు సొంత కరెన్సీ లేదు. రూపాయి విలువ తగ్గించుకుని ఎగుమతులు పెంచుకునే దారి ఏ రాష్ట్రానికీ లేదు. అందుకు బదులుగా ఆర్థిక సంఘం లెక్క కట్టిన మేరకు కేంద్ర పన్నుల్లో వాటా వస్తుంది, కరువుకూ తుఫానుకూ కేంద్రం నుంచి సాయం అందుతుంది. యూరోలో చేరిన దేశాలు మారకపు రేటు అనే ఆయుధాన్ని వదులుకున్నాయి. బదులుగా రావాల్సిన రక్షణ మాత్రం రాలేదు.

యూరోకు బాట వేస్తూ 1992 ఫిబ్రవరిలో సంతకాలు జరిగిన మాస్ట్రిక్ట్ ఒప్పందం ఉమ్మడి ఖజానా స్థానంలో నిబంధనలు పెట్టింది. ద్రవ్యలోటు జీడీపీలో 3 శాతం, ప్రభుత్వ అప్పు 60 శాతం మించరాదు. ఒక దేశం అప్పును మరో దేశం నెత్తిన వేసుకోదు. తమ కరెన్సీ అయిన మార్కును వదులుకుంటున్న జర్మన్ ప్రజలకు ఈ హామీ అవసరమైంది. తమ బడ్జెట్ మీద బయటివారి పెత్తనాన్ని ఫ్రాన్సూ కోరుకోలేదు. అంటే ఇది తెలియక జరిగిన పొరపాటు కాదు, రాజకీయంగా తెలిసి చేసుకున్న రాజీ.

1999లో 11 దేశాలతో యూరో మొదలైంది. నోట్లు, నాణేలు 2002లో చేతికొచ్చాయి. 2003లో జర్మనీ, ఫ్రాన్స్ రెండూ 3 శాతం గీత దాటినా, వాటిపై చర్యను ఆర్థిక మంత్రుల మండలి నిలిపేసింది. పెద్ద దేశాలకు సడలిన నిబంధన తర్వాత చిన్న దేశాల మెడకు బిగిసింది.

2001లో చేరిన గ్రీసుకు మార్కెట్లు దాదాపు జర్మనీకి ఇచ్చే వడ్డీకే అప్పులిచ్చాయి. 2009 అక్టోబరులో అక్కడి కొత్త ప్రభుత్వం, లోటు 12 శాతం దాటుతుందని ప్రకటించింది. సవరించిన లెక్కల్లో అది 15 శాతాన్ని మించింది. 2010 మేలో 11,000 కోట్ల యూరోల రుణ ప్యాకేజీ వచ్చింది. కానీ ఆ సొమ్ములో పెద్ద భాగం పాత అప్పులు తీర్చడానికే పోయింది. గ్రీసు పాత కరెన్సీ డ్రాక్మా ఉండి ఉంటే దాని విలువ పడిపోయేది. అది లేదు గనుక జీతాలు, పింఛన్లు పడ్డాయి. ఆర్థిక వ్యవస్థ పావు వంతు కుంచించుకుపోయింది, 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది. 2015 వేసవిలో మూడు వారాలు బ్యాంకులు మూతపడ్డాయి, ఏటీఎంలో రోజుకు 60 యూరోలే ఇచ్చారు. గ్రీసు పాలకుల తప్పులు చిన్నవేమీ కావు. అయినా ఆ తప్పుల్లో ఏ పాత్రా లేని పింఛనుదారు ఇంత భారం మోయాల్సి రావడం అన్యాయం.

మంటలు ఇటలీ, స్పెయిన్ల దాకా వచ్చాక, 2012 జులైలో యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు అధిపతి మారియో ద్రాగి, తమ పరిధిలో యూరోను కాపాడేందుకు ఎంత దూరమైనా వెళతామని ప్రకటించారు. అందుకోసం రూపొందించిన బాండ్ల కొనుగోలు పథకాన్ని ఒక్కసారీ వాడాల్సిన పని పడలేదు, వడ్డీలు దిగివచ్చాయి.

కొవిడ్ వేళ మాత్రం ఎవరి ఖజానా వారిదే అన్న గీత కొంత చెరిగింది. 2020 జులైలో దేశాధినేతలు 75,000 కోట్ల యూరోల నిధికి అంగీకరించారు. యూనియన్ పేరుతోనే అప్పు తెచ్చి, అందులో 39,000 కోట్లు గ్రాంటుగా పంచాలన్నది నిర్ణయం. ఇది ఒక్కసారికే అన్న షరతు పెట్టారు. ఆ అప్పు అసలు తీర్చడం 2028లో మొదలై 2058 దాకా సాగుతుంది. దేనితో తీర్చాలన్న వాదన ఇప్పుడు యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌లో నడుస్తోంది. బ్యాంకు మునిగితే డిపాజిటర్లను అన్ని దేశాలూ కలిసి ఆదుకునే ఉమ్మడి బీమాను 2015లోనే ప్రతిపాదించారు. అది ఇంకా చట్టం కాలేదు.