అన్‌ఇన్‌స్టాల్ చేశాక మిగిలిపోయేవి: అపోహలు - వాస్తవాలు

సిస్టమ్ స్లో అయిందని తెచ్చేవాళ్లలో చాలామంది జబ్బు పేరు కూడా వాళ్లే చెప్పేస్తారు. "పాత సాఫ్ట్‌వేర్లు తీసేశాను కానీ వాటి చెత్తంతా రిజిస్ట్రీలో ఉండిపోయిందండీ. అది క్లీన్ చేసి ఇవ్వండి చాలు." తెరిచి చూస్తే రిజిస్ట్రీకి (విండోస్, ప్రోగ్రామ్‌లు తమ సెట్టింగులు రాసుకునే చోటు అది) వచ్చిన కష్టమేమీ ఉండదు. ఆ చెత్త తీస్తామని చెప్పి దిగిన క్లీనర్లు మాత్రం రెండో మూడో కనిపిస్తాయి. అన్నీ స్టార్టప్‌లో తిష్ట వేసి, సిస్టమ్ ఆన్ చేయగానే పోటీపడి స్కానింగ్ మొదలుపెడతాయి. ఇంక స్లో కాక ఏమవుతుంది?

వచ్చినవాళ్లందరికీ ఇదే విడివిడిగా చెప్పలేక రాసి పెడుతున్నాను. అంతా విండోస్ గురించే. రెగ్‌ఎడిట్ (రిజిస్ట్రీని తెరిచి మార్చే టూల్), యాప్‌డేటా (ప్రోగ్రామ్‌లు మీ డేటా దాచుకునే ఫోల్డర్), సర్వీసు (తెర వెనక నడిచే ప్రోగ్రామ్) లాంటి మాటలు అక్కడక్కడా వస్తాయి.

అపోహ: రిజిస్ట్రీ క్లీన్ చేస్తే స్పీడ్ పెరుగుతుంది

పెరగదు. ఇన్నాళ్ల పనిలో రిజిస్ట్రీ క్లీనర్ వల్ల బాగుపడిన సిస్టమ్ నాకింతవరకూ తగల్లేదు. దానివల్ల పాడైనవి మాత్రం వస్తూనే ఉన్నాయి.

రిజిస్ట్రీలో లక్షల ఎంట్రీలు ఉంటాయి, నిజమే. అయితే విండోస్ వాటిని వరసపెట్టి చదవదు. ఏది కావాలో దాని పూర్తి పాత్ (అడ్రస్) పట్టుకుని నేరుగా ఆ కీ (రిజిస్ట్రీలో ఫోల్డర్ లాంటిది) దగ్గరికే పోతుంది. నిఘంటువులో ఒక మాట కోసం మనం మొదటి పేజీ నుంచి చదువుకుంటూ రాము కదా, ఇదీ అంతే. మీరు ఎప్పుడో తీసేసిన వీడియో ప్లేయర్ తాలూకు కీని అడిగేవాళ్లే లేరు కాబట్టి దాని జోలికి ఎవరూ పోరు. అది అక్కడ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. సైజు సంగతి చూద్దామన్నా, సిస్టమ్32 లోపలి కాన్ఫిగ్ ఫోల్డర్‌లో 'సాఫ్ట్‌వేర్' అనే హైవ్ (రిజిస్ట్రీలో ఒక భాగం ఉండే ఫైల్) ఒక్కటే పదుల మెగాబైట్లు ఉంటుంది. తీసేసిన ప్రోగ్రామ్ వెనక వదిలేసేది మామూలుగా కొన్ని కిలోబైట్లు.

మరి ఈ పుకారు ఎలా పుట్టింది? ఒకప్పుడు ఇందులో కొంత నిజం ఉండేది. విండోస్ 98 రోజుల్లో రిజిస్ట్రీ తరచుగా పాడయ్యేది. సిస్టమ్ ఆన్ అయినప్పుడల్లా దాన్ని తనిఖీ చేయడానికి స్కాన్‌రెగ్ అనే టూల్‌ని విండోస్‌తోనే ఇచ్చారు. విండోస్ 2000 వరకూ రిజిస్ట్రీ మొత్తానికి సైజు లిమిట్ ఉండేది. మైక్రోసాఫ్టే రెగ్‌క్లీన్ అని ఒక టూల్ విడుదల చేసి, తరవాత దాన్ని ఆపేసింది. 2001లో వచ్చిన ఎక్స్‌పీతో ఆ సైజు లిమిట్ పోయింది. లిమిట్ పోయింది కానీ భయం పోలేదు, దాని మీద జరిగే వ్యాపారం అసలే పోలేదు. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ చెప్పే మాట సూటిగా ఉంది: రిజిస్ట్రీ క్లీనర్ల వాడకానికి మా సపోర్ట్ లేదు, వాటివల్ల వచ్చే సమస్యలకు మాది బాధ్యత కాదు.

"మరి అన్ని ఎర్రర్లు చూపించింది కదండీ?" అంటారు. ఏం చూపించిందో ఆ లిస్టు నిదానంగా చదివారా? గత నెల పెన్‌డ్రైవ్‌లోంచి తెరిచిన ఫైల్ పాత్ 'ఇటీవల తెరిచినవి' లిస్టులో ఉంటుంది. పెన్‌డ్రైవ్ తీసేశారు కాబట్టి ఆ పాత్ ఇప్పుడు లేదు. అదొక ఎర్రర్. ఎప్పుడో తీసేసిన ప్రోగ్రామ్ హెల్ప్ ఫైల్ అడ్రస్ ఇంకొకటి. ఏ ప్రోగ్రామూ తెరవని ఫైల్ ఎక్స్‌టెన్షన్ మరొకటి. ఇలాంటివన్నీ కూడి, పెద్ద అంకె ఎర్ర రంగులో వేసి, 'మీ సిస్టమ్ ప్రమాదంలో ఉంది' అని కింద రాస్తారు. స్కాన్ ఫ్రీ, ఫిక్స్ చేయడానికి డబ్బు. ఈ బెదిరింపు ఎంత ముదిరిందంటే, 2018 మార్చి 1 నుంచి ఇలా భయపెట్టి కొనిపించే క్లీనర్లను అవాంఛిత సాఫ్ట్‌వేర్‌గా లెక్కేసి తీసేస్తామని మైక్రోసాఫ్ట్ తన యాంటీవైరస్ డిఫెండర్ తరఫున ప్రకటించాల్సి వచ్చింది. పేరున్న టూల్ అయితే భయం లేదనుకోవద్దు. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకే దాడి చేసినవాళ్లు మాల్వేర్ దూర్చారు. అది 22 లక్షలకు పైగా సిస్టమ్‌లలోకి వెళ్లింది.

డబ్బు పోతే పోయింది, అసలు నష్టం వేరే ఉంది. క్లీనర్‌కి అనాథలా కనిపించిన కీ ఏదో ప్రోగ్రామ్‌కి నెలకోసారి అవసరం పడేది కావచ్చు. అది పోయిన సంగతి ఆ రోజు తెలియదు. తెలిసేనాటికి క్లీనర్ మీద ఎవరికీ అనుమానం రాదు.

ఒక పెద్దాయన ఉండేవారు, లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ వాడతారు. రిపోర్ట్ ప్రింట్ కొడితే 'క్లాస్ నాట్ రిజిస్టర్డ్' అని వస్తోందని తెచ్చారు. సాఫ్ట్‌వేర్ రిపేర్ చేస్తే పనిచేసింది. తీసుకెళ్లారు. కొద్ది రోజులకే మళ్లీ అదే. రెండోసారి టాస్క్ షెడ్యూలర్ తెరిస్తే, ప్రతి ఆదివారం రాత్రి తనంతట తాను నడిచే క్లీనర్ ఒకటి కనిపించింది. రిపోర్ట్ తయారుచేసే కంపోనెంట్ కీని అది వారం వారం చెత్త కింద ఊడ్చేస్తోంది. దాన్ని తీసేస్తానంటే ఆయనకు మనసొప్పలేదు. "వారం వారం శుభ్రం చేస్తుంటేనే ఇలా ఉంది, అది కూడా మానేస్తే ఏమైపోతుందో" అన్నారు. ఒప్పించడానికి రిపేర్ కంటే ఎక్కువ సేపు పట్టింది.

"క్లీనర్ బ్యాకప్ తీసుకుంటుంది కదా" అనేది ఇంకో ధీమా. విండోస్ బూట్ కాని రోజున ఆ బ్యాకప్‌ని ఏ బటన్ నొక్కి తెస్తారు? పాత రోజుల్లో రెగ్‌బ్యాక్ ఫోల్డర్‌లో విండోస్ దాచుకున్న కాపీ ఆదుకునేది. విండోస్ 10 లో 1803 వెర్షన్ నుంచి ఆ ఆటోమేటిక్ కాపీ ఆగిపోయింది. ఫోల్డర్ తెరిస్తే ఫైళ్లు కనిపిస్తాయి, సైజు సున్నా. రిజిస్ట్రీలో చేయి పెట్టక తప్పని పరిస్థితి వస్తే ముందు సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసి, రిస్టోర్ పాయింట్ (తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి విండోస్ దాచుకునే స్థితి) పెట్టి, మార్చబోయే ఆ ఒక్క కీని రెగ్‌ఎడిట్‌లో ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఒక మెలిక గుర్తుంచుకోండి. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌ని తిరిగి ఇంపోర్ట్ చేస్తే, పోయినవి వచ్చి చేరతాయి గానీ మధ్యలో మీరు కొత్తగా చేర్చినవి పోవు.

అపోహ: అన్‌ఇన్‌స్టాల్ తరవాత మిగిలిందంతా చెత్తే

కాదు. అందులో మీ సొమ్ము ఉంటుంది. చాలా ప్రోగ్రామ్‌లు మీ సెట్టింగులు, సేవ్ చేసిన గేములు, మెయిళ్లు, ప్రొఫైళ్లు కావాలనే యాప్‌డేటాలో వదిలి వెళ్తాయి. రేపు మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఎక్కడ ఆపారో అక్కడి నుంచే సాగాలని.

ఇక్కడే అన్‌ఇన్‌స్టాలర్ టూల్స్‌తో జాగ్రత్తగా ఉండాలి. ముందు ప్రోగ్రామ్ తీస్తాయి, తరవాత 'లెఫ్టోవర్స్' అని లిస్టు చూపిస్తాయి, పక్కనే 'సెలెక్ట్ ఆల్'. ఒకావిడ మెయిల్ ప్రోగ్రామ్ సరిగ్గా తెరుచుకోవడం లేదని దాన్ని తీసి మళ్లీ వేద్దామనుకున్నారు. తప్పేమీ లేదు, నేనైనా అదే చేసేవాణ్ని. లిస్టులో వచ్చిన 'ప్రొఫైల్స్' ఫోల్డర్‌కి కూడా టిక్ పడింది. అకౌంట్ పాప్3 పద్ధతిలో ఉంది, మెయిళ్లు సిస్టమ్‌లోకి దిగాక సర్వర్‌లో కాపీ మిగలని సెట్టింగ్‌తో. ఏళ్ల మెయిళ్లు ఆ ఫోల్డర్‌లోనే ఉన్నాయి. పైగా ఎస్‌ఎస్‌డీ. డిలీట్ అయిన జాగాను విండోస్ పంపే ట్రిమ్ అనే కమాండ్ వెంటనే ఖాళీ చేయించేస్తుంది కాబట్టి రికవరీ టూల్స్‌కి ఏమీ చిక్కలేదు. "నేనేం తప్పు నొక్కానండీ?" అని ఆవిడ అడుగుతూనే ఉన్నారు. నొక్కినదాంట్లో కాదు, అన్నిటినీ ఒకే పేరు కింద చూపించిన ఆ లిస్టులో ఉంది తప్పు.

మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వేసుకున్న యాప్స్‌లో మాత్రం కథ తిరగబడుతుంది. అవి పోతూ పోతూ తమ డేటాను కూడా పట్టుకుపోతాయి. స్టికీ నోట్స్‌లో ఏవైనా రాసుకుని, అకౌంట్‌తో సింక్ చేయకుండా దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఆ నోట్స్ కూడా పోయినట్టే.

అపోహ: మిగిలినవాటివల్ల ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాదు

పైన అంత చెప్పాక కొందరు ఈ కొసకు వచ్చేస్తారు. మిగిలింది ఉత్త కీ అయితే ఇబ్బంది లేదు. డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్), సర్వీసు, షెడ్యూల్డ్ టాస్క్ మిగిలితే ఉంటుంది, ఎందుకంటే వాటిని విండోస్ పిలుస్తుంది.

అందరికంటే పాత ఉదాహరణ డీవీడీ డ్రైవ్. సీడీలు బర్న్ చేసే సాఫ్ట్‌వేర్ తీసేస్తారు, మర్నాటికి డ్రైవ్ మాయం. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 39 లేదా 19. ఆ సాఫ్ట్‌వేర్ రిజిస్ట్రీలో 'అప్పర్‌ఫిల్టర్స్', 'లోయర్‌ఫిల్టర్స్' అనే వాల్యూలలో (డివైస్‌తో పాటు లోడ్ కావాల్సిన అదనపు డ్రైవర్ల పేర్ల లిస్టులు) తన డ్రైవర్ పేరు రాసి పోయింది. ఫైల్ లేదు, పేరు ఉంది. విండోస్ ఆ పేరున్న డ్రైవర్‌ని లోడ్ చేయబోతుంది, దొరకదు, డివైస్‌నే ఆపేస్తుంది. డీవీడీ క్లాస్‌లో (రిజిస్ట్రీలో ఆ రకం డివైస్‌ల కీ) ఆ రెండు వాల్యూలు తీసి రీస్టార్ట్ చేస్తే డ్రైవ్ తిరిగి వస్తుంది. ఇది విని ఎవరో కీబోర్డ్ క్లాస్‌లో కూడా అప్పర్‌ఫిల్టర్స్ తీసేశారు. అక్కడ 'కేబీడీక్లాస్' అనే పేరు ఉండి తీరాలి. లేకపోతే కీబోర్డ్ పనిచేయదు, లాగిన్ స్క్రీన్‌లో పాస్‌వర్డ్ కూడా కొట్టలేరు. డిస్క్, వాల్యూమ్ క్లాసుల్లో అయితే విండోస్ బూటే కాకపోవచ్చు. పేరు ఒకటే కదా అని అన్నిచోట్లా ఒకే మందు పనికిరాదు.

రెండోది యాంటీవైరస్. సగం తీసిన యాంటీవైరస్ ఇంకా ఉన్నట్టే విండోస్ భ్రమపడి, డిఫెండర్‌ని పక్కన కూర్చోబెట్టేస్తుంది. పాతదీ లేదు, కొత్తదీ లేదు. కొన్నిసార్లు నెట్‌వర్క్ ఫిల్టర్ మిగిలి ఇంటర్నెట్ కూడా ఆగుతుంది. దీనికి క్లీనర్లు పనికిరావు. ఆ యాంటీవైరస్ కంపెనీ తన సైట్‌లో ఇచ్చే రిమూవల్ టూల్ వాడండి.

ఇలాంటివి కనిపెట్టడానికి నేను వాడేది సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల ఆటోరన్స్, విండోస్ తనంతట తాను నడిపేవన్నీ లిస్టు వేసే టూల్. అది మైక్రోసాఫ్ట్‌దే, ఉచితం. ఫైల్ దొరకని ఎంట్రీలను పసుపు రంగులో చూపిస్తుంది. డిలీట్ చేయకండి, టిక్ మాత్రం తీయండి. ఏదైనా తేడా వస్తే తిరిగి టిక్ పెట్టుకోవచ్చు.

ఇక చిన్నవి, గబగబా.

విండోస్‌లోని 'ఇన్‌స్టాలర్' ఫోల్డర్‌లో గిగాబైట్లు ఉన్నాయని ఖాళీ చేయకండి. ప్రోగ్రామ్‌లను అప్‌డేట్ చేయడానికీ, చివరికి తీసేయడానికీ అవే కావాలి.

విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ (చాలా ప్రోగ్రామ్‌లు పంచుకునే మైక్రోసాఫ్ట్ ఫైళ్లు) పది రకాలు కనిపిస్తే పదీ ఉంచండి. ఏ ప్రోగ్రామ్ దేని మీద ఆధారపడిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

ప్రీఫెచ్ ఫోల్డర్ (ప్రోగ్రామ్‌లు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ కట్టుకున్నది) డిలీట్ చేస్తే స్పీడ్ రాదు. విండోస్ దాన్ని మళ్లీ కట్టుకునే దాకా ఇంకాస్త నెమ్మదిస్తుంది, అంతే.

విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ (విండోస్ తన సొంత ఫైళ్లు ఉంచుకునే ఫోల్డర్) చూపించే సైజులో చాలా భాగం హార్డ్ లింకుల లెక్క, అంటే ఒకే ఫైల్‌ని రెండు చోట్లా లెక్కేయడం. చేత్తో ముట్టుకోకండి, డిస్క్ క్లీనప్‌కి వదిలేయండి.

యాప్స్ లిస్టులో పేరు ఉండిపోయి, అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే ఎర్రర్ వస్తుంటే మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఇన్‌స్టాల్ - అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్ నడపండి. పాత వీడియోలు చూసి విండోస్ ఇన్‌స్టాలర్ క్లీనప్ యుటిలిటీ కోసం వెతక్కండి. వేరే ప్రోగ్రామ్‌లను పాడుచేస్తోందని 2010లో మైక్రోసాఫ్టే దాన్ని వెనక్కి తీసుకుంది.

టాస్క్ మేనేజర్ స్టార్టప్‌లో బొమ్మ లేకుండా 'ప్రోగ్రామ్' అని ఒక ఎంట్రీ కనిపించి, ఎవరో హ్యాక్ చేశారేమోనని రాత్రంతా టెన్షన్ పడి ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు. భయపడకండి. తీసేసిన సాఫ్ట్‌వేర్ స్టార్టప్ లైన్ మిగిలి, దాని ఫైల్ లేకపోతే చాలాసార్లు అలాగే కనిపిస్తుంది. కమాండ్ లైన్ కాలమ్ ఆన్ చేస్తే అది ఎవరిదో తెలుస్తుంది. ఫైలే లేనప్పుడు నడవడానికి ఏముంది? డిసేబుల్ చేసి పడుకోండి.

ఇంత చెప్పినా, ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనో యాప్‌డేటాలోనో మిగిలిన ఫోల్డర్ కళ్ల ముందు ఉంటే కొందరికి నిద్రపట్టదు. ముందు అది ఏ ప్రోగ్రామ్‌దో, దాని సర్వీసు ఏదైనా నడుస్తోందేమో చూడండి. లోపల మీ ఫైళ్లు ఉంటే బయటికి కాపీ చేసుకోండి. తరవాత డిలీట్ చేయకుండా ఫోల్డర్ పేరు చివర 'ఓల్డ్' అని చేర్చి రీస్టార్ట్ చేయండి. 'ఫైల్ వాడకంలో ఉంది' అని పేరు మార్చనివ్వకపోతే అది మిగిలిపోయినది కాదు, ఇంకా బతికే ఉంది. పేరు మారి, నెల రోజుల పాటు ఏ ప్రోగ్రామూ మొరాయించకపోతే అప్పుడు తీసేయండి. రిజిస్ట్రీ కీలకు మాత్రం ఆ శ్రమ కూడా వద్దు.