నమ్మకం నోటితో చెప్పడం వేరు, సంతకం పెట్టి చెప్పడం వేరు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను తిరుపతి కోర్టులో వకీలుని. ఎక్కువగా చూసేది కుటుంబ తగాదాలు, ఆస్తి పంపకాలు. వచ్చేవాళ్లు భరణం గురించో భూమి గురించో మొదలుపెడతారు. మధ్యలో ఎక్కడో గొంతు తగ్గించి అసలు మాట బయటపెడతారు. "అన్నా, మేము ఆదివారం ప్రార్థనకు పోతాం, అది జడ్జిగారికి చెప్పొచ్చా?" "మావోడు దేవుడే లేడంటా తిరుగుతా ఉండాడు సార్, వాడికి భాగం వస్తుందా?" "ఓటు ఎవరికేసినామో మా ఊరి పెద్దలకు తెలిసిపోతుందంట గదా?" ఈ భయాల్లో సగం టీ అంగడి దగ్గర పుట్టినవి, మిగతా సగం వాట్సాప్‌లో వచ్చినవి. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. తెలియకపోయినా తెలిసినట్టు చెప్పేవాళ్ల మీదే ఉంది.

అపోహ: "మనసులో ఏదున్నా సరే, కాగితం మీద అవసరాన్ని బట్టి రాసుకోవచ్చు."

కొంపలు ముంచేది ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

పుత్తూరు వైపు నుంచి ఒక అమ్మాయి వాళ్లమ్మతో వచ్చింది. గుళ్లో తాళి కట్టించారు, హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేయించారు, సర్టిఫికెట్టు కూడా ఉంది. అబ్బాయి కుటుంబం రెండు తరాలుగా క్రైస్తవులు. ఆ సంగతి పెళ్లికి ముందే అందరికీ తెలుసు. "ఫారంలో హిందూ అని రాసేయండి, ఏమవుతుంది" అని రాయించింది ఊరి పెద్దమనిషి. గొడవొచ్చి ఈ పిల్ల కోర్టుకెక్కితే అవతలి వాళ్లు ఏమని జవాబు వేశారో తెలుసా? "మావాడు పుట్టు క్రైస్తవుడు, బాప్తిస్మం రికార్డు ఇదిగో, కాబట్టి ఆ పెళ్లే చెల్లదు" అని. వాళ్లమ్మ నా బల్ల మీద సర్టిఫికెట్టు పెట్టి "స్టాంపు ఉంది గదయ్యా" అని దాన్నే చూపిస్తా కూర్చుంది.

స్టాంపు ఉంటే సరిపోదు. హిందూ వివాహ చట్టం కింద పెళ్లి చెల్లాలంటే ఇద్దరూ ఆ చట్టం దృష్టిలో హిందువులై ఉండాలి. మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఒక కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. రోమన్ కాథలిక్ అబ్బాయి, హిందూ అమ్మాయి గుళ్లో తాళి కట్టుకుని, ఆ చట్టం కింద రిజిస్టరు చేయించుకున్నారు. అది చెల్లదన్నది తీర్పు. ఆ పుత్తూరు అమ్మాయి విషయంలో 2005 నాటి గృహహింస చట్టం కింద వెళ్లాను. అది పెళ్లి లాంటి సంబంధంలో ఉన్న ఆడవాళ్లకూ రక్షణ ఇస్తుంది కాబట్టి దారి దొరికింది. ఆ దారి అందరికీ దొరకదు.

రెండు మతాల వాళ్లు చేసుకుంటుంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. 30 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు బోర్డు మీద పేర్లు పడతాయన్న భయం నాకు తెలుసు, ఆ భయం న్యాయమైనదే. కానీ ఆ చట్టం కింద ఎవరూ మతం మారనక్కర్లేదు, దాచనక్కర్లేదు.

ఈ అపోహే ఇంకో చోట మరీ గట్టిగా కొడుతుంది, అది కుల ధ్రువపత్రం దగ్గర. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు (1956 నుంచి), బౌద్ధులకు (1990 నుంచి) మాత్రమే. ఎస్టీలకు ఈ మతం షరతు లేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. బాప్తిస్మం పుచ్చుకుని, ప్రతి ఆదివారం చర్చికి వెళ్తూ, ఉద్యోగానికి మాత్రం హిందూ ఎస్సీ అని రాసుకున్న ఒకావిడ వాదనను 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. సర్టిఫికెట్టు చేతికొచ్చింది కదా అని ధీమా వద్దు, 1993 నాటి రాష్ట్ర చట్టం కింద కలెక్టరు దాన్ని రద్దు చేయగలరు. అప్పటికి ఉద్యోగంలో చేరి, అప్పు తీసి ఇల్లు కట్టి ఉంటారు. గిట్టని దాయాది ఒక్క అర్జీ పెడితే చాలు.

ఆ 1950 ఉత్తర్వు న్యాయమా అంటే, నన్నడిగితే కాదు. మతం మారినంత మాత్రాన ఊళ్లో శ్మశానం ఒకటి కాలేదు. మతం మారిన వాళ్ల సంగతి చూడమని కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషన్‌ను కూడా వేసింది. ఉత్తర్వు మారేదాకా మాత్రం నేను చెప్పాల్సింది ఉన్న చట్టమే.

దీన్ని తిరగేసి భయపడేవాళ్లూ ఉన్నారు. వేళాంగణికి పోయొచ్చినా, కడప పెద్ద దర్గాలో ఫాతెహా చదివించినా, ఇంట్లో మేరీమాత పటం ఉన్నా కులం పోతుందేమోనని. పోదు. మన జిల్లాలో వేళాంగణికి పోని ఊరేది? కోర్టు చూసేది బాప్తిస్మం, చర్చి రిజిస్టరు, పెళ్లి ఏ పద్ధతిలో జరిగింది, మనిషి రోజూ ఎలా బతుకుతున్నాడు, ఇలాంటివి. పేరు మార్చుకోకపోతే మతం మారినట్టు కాదన్నదీ తప్పే. సిక్కు మతం పుచ్చుకుని పాత పేరుతోనే పాటలు పాడుకున్న పంజాబ్ గాయకుడు మొహమ్మద్ సాదిక్ కేసులో 2016లో సుప్రీంకోర్టు, పేరు మార్చడం తప్పనిసరి కాదంది.

అపోహ: "నాస్తికుడికి ఆస్తి రాదు."

వస్తుంది. హిందూ కుటుంబంలో పుట్టి దేవుడు లేడన్నవాడు చట్టం దృష్టిలో హిందువే. మతం మారినవాడికి కూడా ఆ కారణంగా వారసత్వం పోదు. చిక్కంతా మారిన తర్వాత పుట్టిన పిల్లలకు. హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షను ప్రకారం వాళ్లకు తాతల, మేనత్తల ఆస్తి రాదు, ఆ ఆస్తి సంక్రమించే నాటికి వాళ్లు హిందువులై ఉంటే తప్ప. ఇది తెలియక వీలునామా రాయకుండా పోయిన తాతలు ఎందరో.

అపోహ: "కోర్టులో భగవద్గీత మీద ప్రమాణం చేయాలి."

సినిమాలు తగ్గించండి. 1969 నాటి ప్రమాణాల చట్టంలో ఏ గ్రంథమూ లేదు. దేవుడి పేరు వద్దనుకుంటే ఆత్మసాక్షిగా అనొచ్చు.

అపోహ: "కొండ మీద డిక్లరేషన్ ఇస్తే మతం మారినట్టే."

కాదు. నేను వేరే మతం వాణ్ణి, అయినా వేంకటేశ్వరస్వామి మీద నాకు విశ్వాసం ఉంది, దర్శనానికి అనుమతించండి అని రాసిచ్చేదే అది. అబ్దుల్ కలాంగారు సంతకం పెట్టి దర్శనం చేసుకున్నారు. దాని చుట్టూ తిరిగే రాజకీయంలోకి నేను పోను. అన్నట్టు, తిరుమలలో రాజకీయ ప్రకటనలు చేయకూడదని 2024 నవంబరులో టీటీడీ బోర్డు తీర్మానించింది. దర్శనం నుంచి బయటికొచ్చి మైకు ముందు నిలబడే నాయకులకు అది గుర్తుందో లేదో మరి.

అపోహ: "ఎవరికి ఓటేశామో తెలిసిపోతుంది."

బూత్ మొత్తంలో ఏ పార్టీకి ఎన్ని పడ్డాయో తెలుస్తుంది, మనిషి మనిషికీ తెలియదు. వీవీప్యాట్ చీటీ 7 సెకన్లు మీకు మాత్రమే కనబడి పెట్టెలో పడిపోతుంది. నువ్వు ఎవరికి వేశావో చెప్పమని కోర్టులో సాక్షిని కూడా బలవంతపెట్టకూడదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉంది. మీ అంతట మీరు బయటికొచ్చి చెప్పుకుంటే అది మీ ఇష్టం. ప్రభుత్వ ఉద్యోగులు మాత్రం పార్టీ జెండా స్టేటస్‌లో పెట్టేముందు ప్రవర్తనా నియమావళి ఒకసారి చదువుకోండి.

అపోహ: "మతం గడి ఖాళీగా వదిలితే కేసు పెడతారు."

మతం చెప్పమని ప్రభుత్వం ఎవరినీ బలవంతపెట్టకూడదని 2014లో బొంబాయి హైకోర్టు చెప్పింది. జనన ధ్రువపత్రానికి 'మతం లేదు, కులం లేదు' అనే గడి పెట్టమని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. మదనపల్లె నుంచి ఒక రిటైర్డు మాస్టారు, జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరివాణ్ణి అని గర్వంగా చెప్పుకుని, ఏ మతమూ లేదని అఫిడవిట్ రాయించుకుని పోయారు. రిజర్వేషన్ అవసరమున్న పిల్లల విషయంలో మాత్రం ఈ పని చేసేముందు ఎవరైనా వకీలును అడగండి.

2011 జనగణనలో మతం చెప్పనివాళ్లు 28 లక్షలకు పైగా ఉన్నారు. 2027 జనగణన వాళ్లు ఇంటికొస్తే నిజంగా మీరు నమ్మేదే చెప్పండి. 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షను ప్రకారం ఆ రికార్డు ఎవరికీ చూపించరు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లదు. మీ కుల ధ్రువపత్రానికీ దానికీ ముడిపెట్టే వీడియోలు అప్పుడే మొదలయ్యాయి, నమ్మొద్దు. అదే చట్టంలో, ఆచారం అడ్డొస్తే ఆడవాళ్లు మొగుడి పేరు చెప్పనక్కర్లేదని కూడా ఉంది, మా పక్కింటి అవ్వ లాంటి వాళ్ల కోసం.