సర్వీసు సిబ్బందిపై కంపెనీ అధికారుల జులుం: అపోహలు - వాస్తవాలు

ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో కార్మికుల తరఫున కేసులు వాదిస్తున్న న్యాయవాదిని నేను. నా దగ్గరికి వచ్చేవారిలో యంత్రాల మీద పనిచేసేవారి కంటే, ఆఫీసు ఊడ్చేవారు, గేటు కాసేవారు, క్యాంటీన్‌లో వడ్డించేవారు, అధికారుల కార్లు నడిపేవారు ఎక్కువ బెదిరిపోయి ఉంటారు. తండ్రి వయసున్న వాచ్‌మన్‌ను "ఒరే" అని పిలిచి, "యాడికి పోతావో పోయి చెప్పుకో" అనగలిగే మేనేజరు ధైర్యమంతా ఆ వాచ్‌మన్ పేరు కంపెనీ రోల్స్‌లో, అంటే సొంత ఉద్యోగుల జాబితాలో, లేకపోవడంలోనే ఉంది.

అపోహ: వాళ్లు మనుషులను సరఫరా చేసే ఏజెన్సీ ద్వారా వచ్చినవారు, కంపెనీకి సంబంధం లేదు.

అధికారులతో పాటు సిబ్బంది కూడా ఈ మాటను నమ్ముతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమే చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ 43వ సెక్షను కూడా ఆ బాధ్యతను సంస్థ యజమానిపైనే ఉంచింది. చేయి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) 115, బెదిరిస్తే 351 సెక్షన్లు వర్తిస్తాయి. బాధితుడు ఎవరి రోల్స్‌లో ఉన్నాడన్నది అక్కడ ప్రశ్నే కాదు. ఎదురు చెప్పిన మనిషిని వదిలించుకోవడానికి అధికారి సాధారణంగా చేసేది ఒక్క ఫోను: "రేపటి నుంచి ఆయన్ను పంపొద్దు." ఏజెన్సీ నోటిమాటతో మాన్పించి, నెల తర్వాత "తనే రావడం మానేశాడు" అని రాసుకుంటుంది. అందుకే మాన్పించిన మర్నాడే "నేను పనికి సిద్ధంగా ఉన్నాను" అని కంపెనీకీ ఏజెన్సీకీ స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి, రసీదు దాచుకోమని నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెబుతాను.

అపోహ: వస్తువు పగిలితే జీతంలో ఎంతైనా కోయవచ్చు.

సమావేశపు గదిలో టీ కప్పుల ట్రే జారిపడినందుకు ఒక క్యాంటీన్ కార్మికురాలి జీతంలో రెండు వేలు కోసి, వేతన చీటీలో "ఇతర కోతలు" అని మాత్రమే రాశారు. అంత విలువైన కప్పులు ఆ ట్రేలో లేనే లేవు. నష్టానికి కోత వేయాలంటే అది ఆమె నిర్లక్ష్యం వల్లనే జరిగి ఉండాలి, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, నష్టం విలువను మించకూడదు. క్రమశిక్షణ పేరిట వేసే జరిమానా అయితే ఆ వేతన కాలపు జీతంలో 3 శాతం దాటకూడదు. అక్రమ కోతపై మూడేళ్లలోపు కార్మిక శాఖ అధికారుల ముందు క్లెయిము వేసుకోవచ్చు.

అపోహ: సారు ఇంట్లో ఓ గంట పనిచేస్తే తప్పేముంది?

తప్పే. కంపెనీ పనికి నియమించిన మనిషిని సొంత ఇంటి చాకిరీకి పంపే అధికారం ఏ మేనేజరుకూ లేదు. భయపెట్టి చేయించే వెట్టిని రాజ్యాంగం 23వ అధికరణమే నిషేధించింది.

అపోహ: లైంగిక వేధింపుల కమిటీ పర్మినెంటు ఉద్యోగినులకే.

2013 నాటి చట్టం ప్రకారం ఏజెన్సీ ద్వారా వచ్చినవారు, రోజు కూలీలు కూడా ఉద్యోగులే. ఫిర్యాదును ఘటన జరిగిన మూడు నెలల్లోపు కంపెనీలోని కమిటీకి ఇవ్వాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలల గడువు దొరుకుతుంది. వేధించింది యజమానే అయినా, పదిమంది కంటే తక్కువ పనిచేసే చోటైనా జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. ఇలాంటి కమిటీలు ఉన్నాయన్న సంగతే చాలామంది ఆడవారికి తెలియదు, తెలియజెప్పే బోర్డు పెట్టాల్సిన కంపెనీలు పెట్టవు. ఇది నన్ను ఎక్కువగా బాధించే విషయం.

అపోహ: కులం పేరుతో తిట్టినా రాజీపడటమే దారి.

ఎస్సీ, ఎస్టీలను నలుగురికీ కనిపించే, వినిపించే చోట కులం పేరుతో దూషిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనప్పుడు అన్న మాటకు ఈ నేరం నిలవదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, ఆ సమయంలో అక్కడ ఎవరెవరు ఉన్నారో ఫిర్యాదులోనే రాయాలి.

అపోహ: ఫోను రికార్డింగు కోర్టులో చెల్లదు.

భారతీయ సాక్ష్య అధినియమం (ఇప్పటి సాక్ష్యాల చట్టం) 63వ సెక్షను కోరే ధ్రువపత్రం జతచేస్తే దాన్ని సాక్ష్యంగా దాఖలు చేయవచ్చు. వాట్సాప్‌లో నలుగురికి పంపి అసలు ఫైలు చెరిపేయడం వల్లే చిక్కులు వస్తున్నాయి. రికార్డు చేసిన ఫోనును అమ్మకుండా, మార్చకుండా కేసు తేలేవరకు అలాగే ఉంచుకోండి.