గెట్టు కాడ కొట్లాట, కోర్టులో ఆత్మరక్షణ

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో గెట్టు కాడ కొట్లాటైతే తరచూ సాయంత్రానికి స్టేషన్‌లో రెండు కేసులుంటాయి. ముందు పోయినవాళ్లది ఒకటి, తర్వాతి వాళ్ల కౌంటర్ కేసు ఇంకోటి. ఒక ఫైల్లో ఫిర్యాది అయినవాడే రెండో ఫైల్లో ముద్దాయి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. మన నోళ్లలో పడి నిందితుడయ్యాడు. కౌంటర్ కేసులు చూస్తుంటే ఆ తారుమారు సబబే అనిపిస్తుంది.

ఇద్దరూ చెప్పేది ఒకటే: "వాడు మీదికొస్తే అడ్డుకున్న." ఈ మాటకు చట్టంలో చోటిచ్చింది 1860 నాటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ), 96 నుంచి 106 దాకా సెక్షన్లలో. ఇక్కడి జనం దెబ్బలు తిని ఊరుకుంటారు, కాస్త తెగువ నేర్పాలి అన్నది దాని ముసాయిదా రాసిన బ్రిటిష్ అధికారి మెకాలే బృందం ఆలోచన. దొరల ఎత్తిపొడుపే అయినా హక్కు మాత్రం విశాలంగా వచ్చింది. తన ఒంటికే కాదు, పక్కవాడి ఒంటికీ, ఆస్తికీ వర్తిస్తుంది. అయితే పోలీసుల దాకా పోయే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు, అవసరానికి మించి కొట్టినా లేదు. నిజాం పాలనలో వరంగల్‌లో హైదరాబాద్ పీనల్ కోడ్ నడిచేది. ఐపీసీ ఇక్కడికి 1951 ఏప్రిల్ 1న వచ్చింది.

రెచ్చగొడితే కొట్టానంటే శిక్ష తగ్గుతుందే తప్ప కేసు పోదు. ఆత్మరక్షణ అలా కాదు, నిలబడితే నేరమే లేదు. రుజువు భారం ముద్దాయిదే, కానీ అనుమానానికి తావు లేకుండా నిరూపించక్కర్లేదు, నమ్మదగినట్టుంటే చాలు. అతను నోరు తెరిచి అడక్కపోయినా రికార్డులో కనిపిస్తే కోర్టు పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు 1968లో మున్షీరామ్ కేసులో చెప్పింది. 1976 నాటి లక్ష్మీసింగ్ కేసు ఇంకా పనికొచ్చేది: ముద్దాయి ఒంటి మీది పెద్ద గాయాలకు ప్రాసిక్యూషన్ సంజాయిషీ చెప్పకపోతే దాని కథ మీదే అనుమానం వస్తుంది. అందుకే తల కాపాడుకోబోయి ముంజేతి మీద కర్ర దెబ్బ తిన్నవాడు అదే రోజు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపించుకుని, డాక్టరు గాయాలు రాసిచ్చే వూండ్ సర్టిఫికెట్‌లో ఎక్కించుకోవాలి. వారం తర్వాత చూపిస్తే ఆ దెబ్బ ఎప్పటిదో తేలదు.

2008లో వరంగల్‌లో ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. మూడు రోజులకే నిందితులు ఎన్‌కౌంటర్లో చనిపోతే పోలీసులు చెప్పిందీ ఆత్మరక్షణే. యాసిడ్ పోయబోయేవాణ్ని ప్రాణం పోయేలా ఎదిరించినా తప్పు కాదనే క్లాజు చట్టంలో 2013లో చేరింది.

ఇప్పుడివే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్)లో 34 నుంచి 44 సెక్షన్లు. 2024 జూన్ 30న జరిగిన కొట్లాటకు ఐపీసీ, మర్నాటి కొట్లాటకు బీఎన్‌ఎస్.