'కావలెను' కాగితం కథ

హనుమకొండ చౌరస్తాలో బట్టల షాపు అద్దానికి 'సేల్స్‌మెన్ కావలెను' అని కాగితం అంటిస్తారు. మనిషి దొరికాక కూడా అది చాలా రోజులు అక్కడే ఉంటుంది. చింపే తీరిక ఎవరికీ ఉండదు. వరంగల్‌లో జాబ్ సైటు నడిపేవాళ్లను సతాయించేది ఈ కాగితమే, అంటే మనిషి దొరికినా తీయని పాత ప్రకటనే. ఇది ఇంటర్నెట్‌తో వచ్చిన జబ్బు కాదు.

25 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు కూడా తమ ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసుకు తెలపాలని 1959 నాటి చట్టం చెప్పింది. అక్కడి జాబితాలోంచే మనిషిని తీసుకోవాలని మాత్రం అనలేదు. పది మందితో నడిచే కిరాణా హోల్‌సేల్ కొట్టు, చిన్న నర్సింగ్ హోమ్ ఆ లెక్కలోకే రావు. దాంతో ఆ ఆఫీసు మనకు సర్కారు కొలువు కోసం ఎదురుచూసే చోటుగా మిగిలిపోయింది. కార్డు తీయడం, మూడేళ్లకోసారి రెన్యువల్, కాల్ లెటర్ కోసం పోస్ట్‌మన్ దారి చూడటం. బొంబాయి పోయినవాళ్లు, దుబాయ్ పోయినవాళ్లు కూడా కార్డు వదులుకునేవారు కాదు.

1996లో కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ కేసులో సుప్రీంకోర్టు, ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసు పంపిన పేర్లతోనే సరిపెట్టకుండా పత్రికల్లోనూ ప్రకటించి దరఖాస్తులు తీసుకోవాలని చెప్పింది. పత్రికలో ప్రకటనకు ఆయుష్షు ఒక్కరోజే, పైగా డబ్బు కట్టాలి. అవసరం లేనివాళ్లు వేయరు, పాతది దానంతటదే పోతుంది. ఈ రెండూ ఎంత మేలు చేశాయో అవి పోయాకే తెలిసింది.

1997లో నౌకరీ డాట్ కామ్ అనే ఉద్యోగాల సైటు మొదలైంది. మొదట్లో పత్రికల ప్రకటనలే ఏరి అందులో పెట్టారు. తర్వాత కంపెనీల దగ్గర ప్రకటనలకు, రెజ్యూమేలు వెతుక్కోవడానికి డబ్బు తీసుకుని నిలదొక్కుకుంది. మన చౌరస్తా షాపు యజమాని అలా కట్టడు. అందుకే చిన్న సైట్లు సర్కారు నోటిఫికేషన్లూ, హైదరాబాద్ వాకిన్‌లూ కాపీ చేసి, గూగుల్ యాడ్‌ల మీద వచ్చే చిల్లరతో బతికాయి. 2020లో వరంగల్ పక్కనే మడికొండలో టెక్ మహీంద్రా, సైయంట్ అనే ఐటీ కంపెనీలు సెంటర్లు తెరిస్తే ఆశ పుట్టింది కానీ, అంత పెద్ద కంపెనీలకు సొంత కెరీర్ పేజీలు ఉండనే ఉన్నాయి.

ఇక యజమాని కట్టకపోతే అభ్యర్థి దగ్గర తీసుకుందామన్న ఆలోచన. మోసం మొదలయ్యేది ఇక్కడే. గల్ఫ్ ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ 1983లోనే చట్టం వచ్చినా, కరీంనగర్, జగిత్యాల పల్లెల్లో వీసా పేరిట మునిగినవాళ్ల కథలు ఆగలేదు. అలాంటిచోట 'రిజిస్ట్రేషన్ ఫీజు' అనే మాట వినబడగానే జనం వెనక్కి తగ్గుతారు. అది న్యాయమే అనిపిస్తుంది నాకు.

2018లో గూగుల్ మన దేశంలోనూ, సైట్లలోని ఉద్యోగాలు వెతికి చూపే సదుపాయం తెచ్చింది. గడువు తీరిన ప్రకటనలు తీసేయాలన్నది దాని నిబంధన, తీయని సైటును పక్కన పెడుతుంది. పత్రిక ఒక్కరోజు ఆయుష్షు మళ్లీ ఇలా వెనక్కొచ్చింది. కానీ షాపులో మనిషి దొరికాడో లేదో గూగుల్‌కేం తెలుసు? ఎవరో ఒకరు ఫోన్ చేయాల్సిందే.

"సేఠ్, మనిషి దొరికిండా?"

"పది రోజులైతాంది. ఇంకా ఫోన్లు ఆగుతలేవు. తీసెయ్ తమ్మీ."