దూరవిద్య విద్యార్థికి లైబ్రరీ కార్డు ఎందుకు ఉండదు?

ఢిల్లీ యూనివర్సిటీ 1962లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టడంతో మన దేశంలో దూరవిద్యకు దారి పడింది. తెలుగునాట ఆంధ్రా యూనివర్సిటీ 1972లో, ఉస్మానియా 1977లో అదే బాట పట్టాయి. అంతకుముందు ఉద్యోగం చేసుకుంటూ డిగ్రీ కావాలనుకునే టీచర్లకీ గుమాస్తాలకీ ఎక్కువగా మిగిలిన మార్గం ప్రైవేటుగా కట్టడమే. ఫీజు కట్టి, హాల్ టికెట్ తెచ్చుకుని, పరీక్ష రాసి రావాలి. పుస్తకాల విషయంలో ఎవరి తిప్పలు వాళ్లవి. కరస్పాండెన్స్ కోర్సులు వచ్చాక పాఠాలు అచ్చువేసి పోస్టులో పంపడం మొదలైంది. అది చిన్న మేలేమీ కాదు. అయితే పుస్తకమే ఇంటికొస్తున్నప్పుడు విద్యార్థి పుస్తకాన్ని వెతుక్కుంటూ వెళ్లాల్సిన పనేముందన్న లెక్క కూడా దాంతోపాటే స్థిరపడిపోయింది. దూరవిద్య విద్యార్థికి పాఠం చెప్పే కాలేజీ కూడా లైబ్రరీ కార్డు ఇవ్వదన్న ఇప్పటి చిక్కుకి మూలం అక్కడే ఉంది.

ఉస్మానియాలో కరస్పాండెన్స్ చదువు మొదలైన 1977లోనే అక్కడ వైస్ ఛాన్సలర్‌గా వచ్చిన జి. రాంరెడ్డి, 1982లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీకి తొలి వీసీ అయ్యారు. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. 1985లో జాతీయ ఓపెన్ యూనివర్సిటీ అయిన ఇగ్నో పెట్టినప్పుడూ తొలి వీసీ ఆయనే. 1991లో మన ఓపెన్ యూనివర్సిటీకి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్ లేనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి తెలుగు మీడియంలో డిగ్రీ చదివే వీలు కల్పించిన సంస్థ అది. జిల్లాల్లో సొంత భవనాలు కట్టే స్తోమత లేదు కాబట్టి అప్పటికే ఉన్న డిగ్రీ కాలేజీల్లో స్టడీ సెంటర్లు తెరిచారు. కాలేజీ గదులు వాడుకుంటారు, అక్కడి లెక్చరర్ల చేతే పాఠాలు చెప్పిస్తారు. కాంటాక్ట్ క్లాసులు ఎక్కువగా ఆదివారాలూ సెలవు రోజులూ చూసి పెడతారు. క్లాసురూములు ఖాళీగా ఉండేది, విద్యార్థులకు డ్యూటీ లేనిదీ ఆ రోజుల్లోనే మరి. లైబ్రరీ సిబ్బందికీ ఆ రోజు సెలవే. క్లాసురూమ్ తాళం తీయడానికి వాచ్‌మన్ చాలు గానీ లైబ్రరీ తెరవాలంటే లైబ్రేరియన్ రావాలి.

తలుపు తెరిచి ఉన్న రోజున వెళ్లినా పుస్తకం చేతికి రాకపోవడానికి వేరే కారణం ఉంది. రెగ్యులర్ విద్యార్థి చేరేటప్పుడే లైబ్రరీ ఫీజు, కాషన్ డిపాజిట్ కడతాడు. పుస్తకం తిరిగివ్వకపోతే చివర్లో నో డ్యూస్ సంతకం పడదు, సంతకం లేనిదే టీసీ రాదు. పుస్తకం వెనక్కి రప్పించడానికి లైబ్రేరియన్‌కి ఉన్న అసలైన పట్టు ఆ టీసీయే. దూరవిద్య విద్యార్థి టీసీ ఆ కాలేజీలో ఉండదు, డిపాజిట్ ఉండదు, ఫీజు వెళ్లేది వేరే యూనివర్సిటీ ఖాతాకి. మరోవైపు ఏటా జరిగే స్టాక్ వెరిఫికేషన్‌లో కొన్న ప్రతి పుస్తకానికీ నంబరు రాసే యాక్సెషన్ రిజిస్టర్‌లో ఉన్న నంబరు ర్యాక్‌లో కనిపించకపోతే జవాబు చెప్పాల్సింది లైబ్రేరియనే. 'మీరు మా స్టూడెంట్ కాదండీ' అన్న మాటను మొండితనంగా తీసుకునేముందు ఈ లెక్క తెలిసి ఉండటం మంచిది.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. గ్రూప్స్‌కి చదివేవాళ్లు తెలుగు అకాడమీ పుస్తకాలతో పాటు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ పుస్తకాలనూ వెతికి వెతికి చదువుతారు. ఓపెన్ యూనివర్సిటీ పాఠాలకి క్యాంపస్ రీడింగ్ హాల్లో చోటు దొరికింది, వాటిని పోస్టులో అందుకున్న విద్యార్థికి మాత్రం దొరకలేదు.

ఎలక్ట్రానిక్ పుస్తకాలు, జర్నళ్లు వచ్చాక దూరం తగ్గాల్సింది. తగ్గలేదు. 1991లో యూజీసీ కింద మొదలైన ఇన్‌ఫ్లిబ్‌నెట్, యూనివర్సిటీలకి కలిపి జర్నళ్లు కొనిపెట్టే వ్యవస్థగా ఎదిగింది. 2010లో ఎన్-లిస్ట్ పేరుతో డిగ్రీ కాలేజీలకీ లాగిన్లు వచ్చాయి. కానీ ప్రచురణకర్తలతో చేసుకునే ఒప్పందంలో ఎవరెవరు వాడుకోవచ్చో రాసి ఉంటుంది. సాధారణంగా అది ఆ సంస్థ విద్యార్థులు, అధ్యాపకుల వరకే. స్టడీ సెంటరు నడిచే కాలేజీకి ఎన్-లిస్ట్ ఉన్నా అక్కడ ఆదివారం పాఠం వినేవాళ్లు ఆ లెక్కలోకి రారు. క్యాంపస్ నెట్‌వర్క్‌కి ముడిపెట్టిన జర్నల్ ఇంటి ఫోన్లో తెరుచుకోదు, సారాంశం చూపించి ఆగిపోతుంది.

2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ఇందులో పెద్ద మార్పు. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలన్నిటికీ అందించే పథకం ఇది. పేరు చూసి దేశంలో ఎవరైనా చదువుకోవచ్చనుకుంటారు. ఇక్కడా లెక్క సంస్థలదే, మనుషులది కాదు. కాబట్టి పక్క యూనివర్సిటీ లైబ్రరీ గేటు తట్టే ముందు మీరు చేరిన యూనివర్సిటీ లైబ్రరీకే ఈమెయిల్ రాయండి. ఇంటి నుంచి వాడుకునే ఇన్‌ఫెడ్ లాగిన్ దూరవిద్య విద్యార్థులకి ఇస్తున్నారా అని సూటిగా అడగండి. మీరు చేరింది ప్రభుత్వ యూనివర్సిటీ అయితే అడిగే హక్కు ఉంది.

బ్రిటన్‌లో ఇదే చిక్కుని ఇంకోలా విప్పారు. అక్కడి ఓపెన్ యూనివర్సిటీ 1971లో పాఠాలు మొదలుపెట్టింది. విద్యార్థులు దేశమంతా చెదిరి ఉన్నారు, వాళ్ల ఇళ్ల పక్కన వేరే యూనివర్సిటీలు ఉన్నాయి. చివరికి లైబ్రరీలే తమలో తాము ఒప్పందం చేసుకున్నాయి. ఇప్పుడు స్కోనల్ యాక్సెస్ పేరుతో నడుస్తున్నది అదే. విద్యార్థి ఆన్‌లైన్లో దరఖాస్తు పెడతాడు, సొంత యూనివర్సిటీ లైబ్రరీ అతనికి బాకీలేమీ లేవని నిర్ధారిస్తుంది, ఆ ఈమెయిల్‌నీ ఐడీ కార్డునీ దగ్గర్లోని లైబ్రరీలో చూపిస్తే అక్కడి కార్డు ఇస్తారు. పార్ట్‌టైమ్, దూరవిద్య విద్యార్థులు పుస్తకాలు ఇంటికి కూడా తెచ్చుకోవచ్చు, ఎన్ని అన్నది ఆ లైబ్రరీ ఇష్టం. పుస్తకం పోతే ఎవరిని అడగాలన్న ప్రశ్నకి సొంత లైబ్రరీ పూచీ పడటంతో ఈ పద్ధతి నిలబడింది. ఈ-జర్నళ్లు మాత్రం అక్కడా ఇందులోకి రావు. అక్కడ ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చదివే మనవాళ్లు చేరిన వెంటనే దరఖాస్తు పెట్టుకోవడం మేలు. పరీక్షల సీజన్లో బయటివాళ్లను రానివ్వని లైబ్రరీలు ఉంటాయి.

మన దగ్గర అలాంటి పూచీ లేదు కాబట్టి దాన్ని కాగితం మీద విద్యార్థే తెచ్చుకోవాలి. స్టడీ సెంటర్ కోఆర్డినేటర్ చేత లెటర్‌హెడ్ మీద, మీరు వెళ్లాలనుకునే యూనివర్సిటీ లైబ్రేరియన్ పేరున ఉత్తరం రాయించుకోండి. అందులో పేరు, అడ్మిషన్ నంబరు, కోర్సు, ఏ అంశం మీద చదువుతున్నారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నవి ఉండాలి. 'పుస్తకాలు ఇవ్వగలరు' అని కాకుండా 'రిఫరెన్స్ కోసం లోపల కూర్చుని చదువుకోవడానికి అనుమతించగలరు' అని రాయిస్తే ఒప్పుకోవడం తేలిక, ఎందుకంటే స్టాక్ భయం ఉండదు. ఐడీ కార్డు ఆన్‌లైన్లో దించుకున్నదైతే దాని మీద స్టడీ సెంటర్ ముద్ర వేయించాలి. ముద్ర లేని ప్రింటు గేటు దగ్గర సెక్యూరిటీ దాటదు. రెండు ఫోటోలు, ఆధార్ జిరాక్స్ దగ్గరుంచుకోండి. ఆదివారం, సాయంత్రం కాకుండా పనిదినాల్లో పొద్దున్నే వెళ్లాలి. సంతకం పెట్టే అధికారి ఉండేది అప్పుడే.

వెళ్లేముందు ఆ లైబ్రరీ కేటలాగ్ నెట్‌లో ఉంటే చూసి పుస్తకం ఏ ర్యాక్‌లో ఉందో చెప్పే కాల్ నంబర్లు రాసుకోండి. పుస్తకాల్ని అంశాలవారీగా నంబర్లతో అమర్చే డ్యూయీ పద్ధతి వాడే లైబ్రరీలో తెలుగు సాహిత్యం 894.827 దగ్గర మొదలవుతుంది. కొన్ని పాత లైబ్రరీల్లో రంగనాథన్ కోలన్ పద్ధతి ఉంటుంది, అక్కడ ఈ నంబరు పనికిరాదు. జనం కిక్కిరిసి ఉండే రీడింగ్ హాలు, పుస్తకాలుండే స్టాక్ రూమ్ ఒకటి కావు. పాస్ ఏ విభాగానికి ఇచ్చారో చూసుకోవాలి. పోటీ పరీక్షల నోటిఫికేషన్ పడిన నెలల్లో హాల్లో కుర్చీ దొరకడమే కష్టం.

యూనివర్సిటీ దూరమైతే జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నుతో పాటు వసూలయ్యే సెస్సుతో నడిచేది కాబట్టి ఏ కాలేజీ విద్యార్థి అని అడగరు. డిపాజిట్ కడితే ఇంటికీ ఇస్తారు. పీజీ స్థాయి పుస్తకాలు తక్కువ. తెలుగు ఎమ్మే వాళ్లకి పాత పత్రికలు కావలసి వస్తే అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం చాలా క్యాంపస్ లైబ్రరీల కంటే నయం. సిద్ధాంత గ్రంథాలకి శోధ్‌గంగ, ఇగ్నో పాఠాలకి ఈ-జ్ఞాన్‌కోశ్ ఎవరికైనా తెరిచే ఉంటాయి.

ఎక్కడైనా డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకుంటే రసీదు అసలు కాపీ జాగ్రత్త చేసుకోండి. కోర్సు అయ్యాక డబ్బు వెనక్కి అడిగినప్పుడు ఆ కాగితమే అడుగుతారు.