తెలిసిన కథలే, అయినా ఆశ్చర్యం: 1989 ముచ్చట్లు

ప్రియమైన పిల్లలకు,

మీరు ఏ సినిమా చూసొచ్చినా "ఎలా ఉందిరా?" అని అడగడం నాకు అలవాటు. ఈ మధ్య మీ అందరి నుంచి ఒకటే జవాబు: "కథంతా ట్రైలర్‌లోనే తెలిసిపోయింది తాతయ్యా, ఇంకేముంది చూడటానికి!" కథ ముందే తెలిస్తే సినిమా చప్పబడిపోతుందని మీరు గట్టిగా నమ్ముతున్నారు. ఆ నమ్మకం గురించే ఈ ఉత్తరం. సినిమాలంటే ప్రాణం పెట్టిన నా ఏళ్లన్నిటిలో 1989కి సాటి వచ్చేది మరొకటి లేదు. ఆ ఏడాది మమ్మల్ని నోరు తెరుచుకుని చూసేలా చేసినవి చాలావరకు మాకు ముందే తెలిసిన కథలు.

అప్పట్లో సినిమా కబురు ఎలా వచ్చేదంటే, గోడ మీద పోస్టరు, రిక్షాలో మైకు, వివిధ భారతిలో పాట, అంతకు ముందే ఊళ్లోకి వచ్చేసిన ఆడియో క్యాసెట్. టీవీ అంటే దూరదర్శన్ ఒక్కటే. సాయంత్రం కాసేపు హైదరాబాద్ కేంద్రం తెలుగు కార్యక్రమాలు, ఆ తర్వాత ఢిల్లీ హిందీ. గాలికి యాంటెన్నా తిరిగితే ఒకరు డాబా ఎక్కాలి, ఒకరు కిటికీ దగ్గర నిలబడి "వచ్చింది, వచ్చింది, పోయింది!" అని అరవాలి.

ముందుగా ఒక విచిత్రం చెబుతాను. మలయాళంలో 1988లో ప్రియదర్శన్ దర్శకత్వంలో మోహన్‌లాల్ నటించిన 'ఆర్యన్' వచ్చింది. గుళ్లో పూజారిగా ఉన్న కుర్రాడు దొంగతనం నింద పడి బొంబాయి వెళ్లి మాఫియాలో చిక్కుకుంటాడు. ఈ కథ తెలుగులోకి ఒకేసారి రెండు సినిమాలుగా వచ్చింది. బాలకృష్ణ 'అశోక చక్రవర్తి', వెంకటేష్ 'ధ్రువ నక్షత్రం'. రెండూ 1989 జూన్‌లో ఒకే రోజు విడుదలయ్యాయి! ఒక హాల్లో చూసిన కథే పక్క హాల్లోనూ నడుస్తోంది. అభిమానులు కొట్లాడుకున్నంత పనైంది. ఈ రెంటిలో ఏదీ ఆ ఏడాది పెద్ద సంచలనం కాలేదు. కానీ సినిమా పిచ్చోళ్లకి అది మంచి పాఠం. కథ ఒక్కటే అయినప్పుడు మన కళ్లు తమంతట తామే మిగతా విషయాల మీదికి వెళ్తాయి. ఈ సీన్ అక్కడెలా తీశారు, ఇక్కడెలా తీశారు, ఏ నటుడు ఎక్కడ ఆగాడు అని.

ఇక అందరికీ తెలిసిన కథ అంటే మహాభారతమే కదా. బి.ఆర్. చోప్రా 'మహాభారత్' 1988 అక్టోబరు 2న దూరదర్శన్‌లో మొదలై 1990 జూన్ దాకా, 94 భాగాలుగా సాగింది. అంటే 1989 మొత్తం మా ఆదివారం పొద్దుటి పూటలన్నీ దానివే. మీకు కొత్తేమీ కాదులే, 2020 లాక్‌డౌన్‌లో మళ్లీ వేస్తే మీలో కొందరు నా పక్కన కూర్చునే చూశారు.

కానీ మాకు అది ఎంత వింతగా అనిపించిందో మీరు ఊహించలేరు. తెలుగువాళ్లకు కృష్ణుడంటే ఎన్టీ రామారావు. 'మాయాబజార్' దగ్గర్నుంచి ఆ ముఖమే దేవుడి ముఖం. 1977లో 'దాన వీర శూర కర్ణ'లో ఆయనే కృష్ణుడు, ఆయనే కర్ణుడు, ఆయనే సుయోధనుడు. పైగా 1989లో ఆయన మన ముఖ్యమంత్రి, ఆ ఏడాది చివర్లో ఎన్నికల్లో ఓడిపోయే వరకూ. అలాంటి ఇళ్లలోకి నితీశ్ భరద్వాజ్ అనే పాతికేళ్ల కుర్రాడు, పద్యం లేకుండా, హిందీలో మాట్లాడుతూ కృష్ణుడిగా వచ్చాడు. మొదట్లో పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. "పద్యం లేని భారతమేమిటి?" అన్నారు. మా ఇంట్లో హిందీ వచ్చినవాళ్లు తక్కువ. అయినా ఎవరికీ అనువాదం అక్కర్లేకపోయింది, ఎవరు ఎవరితో ఏమంటున్నారో కథే చెప్పేది.

దాని గొప్ప మలుపు మొదట్లోనే ఉంది. కథ చెప్పేవాడు వ్యాసుడో సూతుడో అనుకుంటాం కదా, అక్కడ కాలమే కథ చెబుతుంది. తెర మీద తిరుగుతున్న చక్రం, వెనక "నేను కాలాన్ని" అనే అర్థం వచ్చే హిందీ మాట, హరీశ్ భిమానీ గొంతు. ఆ మాటలు రాసినవారు రాహీ మాసూమ్ రజా, ఉర్దూ హిందీ సాహిత్యంలో పేరున్న రచయిత. కాలం కథ చెబుతోందనగానే నేరం ఎవరిదన్న తీర్పు ఆగిపోతుంది. భీష్ముడి ప్రతిజ్ఞ మనకు గొప్ప త్యాగంగానే తెలుసు. ఆ ప్రతిజ్ఞ వల్లే వంశం ఎలా కూలిందో ఆ కాలపురుషుడు వారం వారం గుర్తుచేస్తుంటే, చిన్నప్పటి నుంచి విన్న కథలో నాకు కొత్త ప్రశ్నలు పుట్టాయి. ద్రౌపది వస్త్రాపహరణం నాడు రూపా గంగూలీ సభలో పెద్దలందరినీ ప్రశ్నిస్తుంటే మా ఇంట్లో ఆడవాళ్లు ఒక్కరూ మాట్లాడలేదు. సీరియల్ అయిపోయాక వాళ్లలో వాళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు, భీష్ముణ్ణి తిట్టారు. భీష్ముణ్ణి తిట్టడం మా ఇంట్లో నేను అంతకుముందు వినలేదు.

ఇప్పుడు 'గీతాంజలి'. అది మేలో వచ్చింది. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా ఇది. అప్పటికి 'నాయకుడు', 'ఘర్షణ' లాంటి డబ్బింగుల ద్వారా ఆయన పేరు మాకు తెలుసు. కథ చెబితే మీరు నవ్వుతారు. క్యాన్సర్ వచ్చిన కుర్రాడు (నాగార్జున), గుండె జబ్బున్న అమ్మాయి, ఊటీ. చావబోయే ప్రేమికుడి కథ తెలుగువాడికి కొత్తా? నాగార్జున తండ్రి అక్కినేని నాగేశ్వరరావు 1953లో దేవదాసుగా చనిపోయాడు, 1981లో 'ప్రేమాభిషేకం'లో క్యాన్సర్‌తో ప్రియురాలిని దూరం పెట్టి హాళ్లకు హాళ్లనే ఏడిపించాడు. ఎనిమిదేళ్ల తర్వాత కొడుకు అదే జబ్బుతో వచ్చాడు. మేమూ రుమాళ్లు సిద్ధంగా పెట్టుకునే వెళ్లాం.

తీరా చూస్తే సినిమాలో సగం నవ్వే. గిరిజ వేసిన ఆ గీతాంజలి పాత్ర అల్లరికి లెక్కలేదు. అర్ధరాత్రి దెయ్యం వేషం వేసి జనాన్ని భయపెడుతుంది, పెద్దల ముందు అమాయకంగా నిలబడుతుంది, అబ్బాయితో "లేచిపోదామా?" అని తనే అంటుంది. ఆమెకు తన జబ్బు సంగతి తెలుసు. ఆమె మీద జాలిపడే అవకాశం సినిమా మనకు ఇవ్వదు. అందరూ ఏదో ఒక రోజు పోయేవాళ్లమేగా, ఈ రోజు గురించి చూసుకుందాం అన్నట్టు ఉంటుంది ఆమె తీరు. పాత సినిమాల్లో జబ్బు కథకు క్లైమాక్స్. ఇక్కడ అది మొదటి రీళ్లలోనే చెప్పేసి పక్కన పెట్టేశారు. ఇక మిగిలిన సినిమా అంతా బతకడం గురించి. చివర్లో ఇద్దరూ బతికే ఉంటారు. ఎంతకాలమో చెప్పరు.

పి.సి. శ్రీరామ్ కెమెరా గురించి ప్రత్యేకంగా రాయాలి. ఆ రోజుల్లో తెలుగు సినిమా అంటే తెరంతా వెలుతురు, హీరో ముఖం మీద నీడ పడకూడదు. ఇందులో సగం సీన్లలో మనుషుల వెనక నుంచి వెలుతురు వస్తుంది, ముఖాలు చీకట్లో ఉంటాయి, మంచు కదులుతూ ఉంటుంది. మా ఊరి హాల్లో పాత ప్రొజెక్టర్ వెలుగు అసలే తక్కువ. "ఏమీ కనపడట్లేదు" అని కొందరు కేకలు వేశారు కూడా. పది నిమిషాల్లో కేకలు ఆగిపోయాయి. ఇళయరాజా సంగీతం, పాటలన్నీ వేటూరి. 'ఓ ప్రియా ప్రియా' పాటను ఇప్పటికీ వయొలిన్ల కోసం వినండి, మొదటి నిమిషంలోనే అర్థమవుతుంది. జనం మెచ్చే ఆరోగ్యకరమైన వినోద చిత్రంగా ఆ ఏటి జాతీయ అవార్డు దానికే వచ్చింది.

అయిదు నెలలకు, అక్టోబరు 5న, అదే నాగార్జున, అదే ఇళయరాజా. సినిమా 'శివ'. దర్శకుడు రామ్ గోపాల్ వర్మ, విజయవాడలో ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో వీడియో క్యాసెట్ల షాపు నడిపిన ఇరవై ఏడేళ్ల కుర్రాడు. ఇదే ఆయన మొదటి సినిమా. కాలేజీలో రౌడీలు, ఎదురు తిరిగిన హీరో. ఇదీ పాత కథే.

ముందు చెవికి తెలిసింది తేడా. అంతకుముందు ఫైట్ అంటే ప్రతి దెబ్బకీ 'డిష్యుం', హీరో కేక, విలన్ వికటాట్టహాసం. 'శివ'లో అవి లేవు. అడుగుల చప్పుడు, సైకిల్ చప్పుడు, ఊపిరి, తర్వాత ఒక్కసారిగా ఇళయరాజా. సైకిల్ చైన్ సీన్ గురించి మీరు వినే ఉంటారు. కాలేజీ రౌడీ జేడీ గ్యాంగ్ మీదికొస్తుంటే శివ పక్కనున్న సైకిల్ చైన్‌ను చేత్తో లాగేస్తాడు. నిజానికి సైకిల్ చైన్ చేత్తో లాగితే తెగేది కాదు, ఆ హాల్లో ఉన్నవాళ్లలో సగం మంది సైకిల్ మీద వచ్చినవాళ్లే, వాళ్లకూ ఆ సంగతి తెలుసు. అయినా ఒక్కరికీ అనుమానం రాలేదు. అప్పటిదాకా శివ ఎక్కువ మాట్లాడడు, చూస్తూ ఉంటాడు. ఆ ఓర్పంతా ఒక్క క్షణంలో తెగింది కాబట్టి చైన్ తెగడం మాకు సహజంగా కనిపించింది.

ఇక భవాని. రఘువరన్ వేసిన ఆ విలన్ అరవడు, పెద్ద నవ్వు నవ్వడు, మెల్లగా మాట్లాడతాడు. ఎదుటివాళ్లు అతని మాట వినడానికి కాస్త ముందుకు వంగాల్సి వస్తుంది. భయం అలా పుడుతుందని మాకు అంతకుముందు ఏ సినిమా చూపించలేదు. మాటలు రాసిన తనికెళ్ల భరణి నానాజీగా నటించారు కూడా. ఆ మాటలు మన వీధుల్లో వినిపించే మాటల్లాగే ఉంటాయి, ప్రాసలు లేవు.

సందుల్లో శివ తన అన్న కూతురైన చిన్న పాపను సైకిల్ మీద ఎక్కించుకుని పారిపోయే సీన్‌లో కెమెరా వాళ్ల వెంటే పరుగెడుతుంది, కానీ కుదుపు లేదు. దానికి వాడింది స్టెడీక్యామ్ అనే పరికరం. 1970లలో గ్యారెట్ బ్రౌన్ అనే అమెరికన్ కెమెరామన్ తయారు చేశాడు. మనిషి ఒంటికి ఒక కవచం, దానికి స్ప్రింగులున్న చెయ్యి, ఆ చేతి చివర కెమెరా, కింద దానికి సరితూగే బరువు. నిండు బిందె నడుమున పెట్టుకుని నడిచే ఆడవాళ్లను చూశారా, మనిషి కదులుతున్నా నీళ్లు తొణకవు. అలాంటి పనే అది. మన దగ్గర అప్పటికి అది చాలా కొత్త. ఆ పరుగులో మనం చూసేవాళ్లం కాకుండా పారిపోయేవాళ్లమైపోతాం. ఛాయాగ్రాహకుడు ఎస్. గోపాలరెడ్డి.

ఇంకో సంగతి మీకు పుస్తకాల్లో సులభంగా దొరకదు. సినిమా రావడానికి తొమ్మిది నెలల ముందు, 1988 డిసెంబరు 26న, విజయవాడలో ఎమ్మెల్యే వంగవీటి మోహన రంగా హత్య జరిగింది. ఆ తర్వాత కోస్తా జిల్లాల్లో అల్లర్లు, దహనాలు, కర్ఫ్యూ. కాలేజీ గొడవల వెనక రాజకీయ నాయకులుంటారని మాకు సినిమా నేర్పించలేదు, మా చుట్టూ ఉన్నదే. 'శివ'లో కోట శ్రీనివాసరావు వేసిన మాచిరాజు అనే నాయకుడు భవానిని వాడుకుని వదిలేస్తుంటే మా పక్క హాళ్లలో చప్పట్లు పడలేదు. జనం ఊపిరి బిగబట్టి చూశారు. తర్వాత ఏళ్ల తరబడి ఈ సినిమాను అనుకరిస్తూ ఎన్నో వచ్చాయి. వాటిలో చాలావాటికి చైన్ దొరికింది గానీ ఆ భయం దొరకలేదు. రౌడీయిజాన్ని గొప్పగా చూపించిన సినిమాలంటే నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. 'శివ'లో ఆ గొడవకు మూల్యం చెల్లించేది ఇంట్లో ఉన్న చిన్న పాప, అది మరచిపోకండి.

మిగతావి గబగబా చెబుతాను. గాయని ఎస్. జానకి 'మౌన పోరాటం' సినిమాకు సంగీత దర్శకత్వం చేశారు. ఒడిశాలో ఒక స్త్రీ తన బిడ్డకు తండ్రి పేరు కోసం చేసిన నిజమైన పోరాటం దానికి ఆధారం, యమునకు మంచి పేరు తెచ్చింది. 'అంకుశం'లో రామిరెడ్డి అనే కొత్త విలన్‌ను చూసి పిల్లలు జడుసుకున్నారు. అందులో రాజశేఖర్ మాట్లాడితే వినిపించే గొంతు సాయికుమార్‌ది. జంధ్యాల, వంశీ ఇద్దరూ రాజేంద్రప్రసాద్‌తో నవ్వించారు. విశ్వనాథ్ గారి 'సూత్రధారులు' ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది.

వచ్చే సెలవుల్లో ముందు 'గీతాంజలి' చూడండి, రాత్రిపూట, లైట్లు ఆపేసి. 'శివ'ను 2025లో కొత్త హంగులతో మళ్లీ హాళ్లలోకి తెచ్చారు, ఇంట్లో చూసేటప్పుడు మంచి స్పీకర్లు పెట్టుకోండి. పదో తరగతి దాటనివాళ్లు మాత్రం దాన్ని కొన్నాళ్లు ఆపండి, అమ్మానాన్నలు పక్కన ఉన్నప్పుడు చూడొచ్చు. కథంతా నేనే చెప్పేశాను కాబట్టి ఏమవుతుందో అన్న టెన్షన్ మీకు ఉండదు. భవాని మాట్లాడే ప్రతి సీన్‌లో వెనక సంగీతం ఉందో లేదో గమనించి, ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు, ఎందుకై ఉంటుందో నాకు రాసి పంపండి. ఫోన్‌లో మెసేజ్ వద్దు, కాగితం మీద రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య